మూసీ ఎటు పోతుందిరా!

కారున్న ప్రతి ఇంట్లోనూ మైలేజీ మీద ఒక సిద్ధాంతం ఉంటుంది. మా పై అంతస్తు ఆయన తెల్లవారుజామున 5 గంటలకే బంకుకు వెళ్లి పెట్రోలు పోయించుకొస్తారు. చల్లటి వేళ పెట్రోలు చిక్కగా ఉంటుందట. లీటరులో సరుకు ఎక్కువ పడుతుందట. బంకువాళ్ల ట్యాంకు ఉండేది భూమి లోపల కదండీ, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో తేడా ఏపాటి ఉంటుందని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. మా ఆఫీసులో ఒకాయన ఎన్నడూ వెయ్యి రూపాయలకు కొట్టించరు. 1,010కే కొట్టిస్తారు. రౌండ్ ఫిగర్‌లో ఏదో మతలబు ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఆయన పక్క సీటాయన ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా బండిని న్యూట్రల్‌లో వేసేస్తారు. పాతకాలం కార్బురేటర్ బళ్లలో ఆ పనికి కాస్త అర్థం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, పల్లంలో ఇంజిన్‌కు పెట్రోలు ఆగిపోతుంది. అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి ఎంతో కొంత పోతూనే ఉంటుంది. ఆదా అనుకుని చేసేది కాస్తా ఖర్చన్నమాట. పైగా పల్లంలో బండి మీద పట్టు తగ్గుతుంది.

వీళ్లందరినీ చూసి ముసిముసిగా నవ్వుకునే నాకూ ఒక సిద్ధాంతం ఉండేది. ‘ఉండేది’ అంటున్నానంటే కథ ఎటు పోతోందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నా సిద్ధాంతం ఇదీ. ఇంజిన్ తిరిగినంతసేపూ పెట్రోలు తాగుతుంది. ఊరు తొందరగా చేరితే ఇంజిన్ తక్కువసేపు తిరుగుతుంది. కాబట్టి హైవే మీద వేగంగా వెళ్తేనే ఆదా! వినడానికి ఎంత బావుందో చూడండి. కారు కొన్న ఆరేళ్లుగా దీన్ని నమ్మాను. పదిమందికీ చెప్పాను. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు కేంద్ర ప్రభుత్వం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ గీత దాటకుండా, అలాగని దానికి తగ్గకుండా నడుపుతూ వచ్చాను.

‘‘అలాగైతే కుక్కరు కూత రాగానే సిమ్‌లో పెట్టమని నాకు చెప్పడం ఎందుకు? మంట పెద్దది చేస్తే తొందరగా ఉడికిపోతుంది, గ్యాసు మిగిలిపోతుంది కదా’’ అంది మా ఆవిడ ఒకసారి. వంటింటికీ హైవేకీ పోలికేమిటని కొట్టిపారేశాను. అప్పుడే విని ఉంటే ఈ వారం మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఇది సరదా వాదనగానే మిగిలిపోయేది. కానీ మా ఇంట్లో ఇది అమ్మను చూడటానికి ఎన్నిసార్లు వెళ్లాలన్న లెక్కతో ముడిపడింది. నాన్న పోయాక అమ్మ కోదాడలో ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్ రమ్మంటే రాదు. ఇంటి వెనక కొబ్బరిచెట్లు, వీధి చివర గుడి, పక్కవీధిలో బాబాయి... వీటన్నిటినీ వదిలి మూడో అంతస్తు ఫ్లాటులో బందీగా ఉండలేనంటుంది. సరే, మేమే రెండు వారాలకోసారి శనివారం వెళ్లి ఆదివారం తిరిగొచ్చేవాళ్లం. వనస్థలిపురంలో మా గుమ్మం నుంచి అమ్మ గుమ్మానికి 168 కిలోమీటర్లు. నెలకు రెండు రాకపోకలంటే పెట్రోలుకే 4,600 రూపాయల పైన. టోలుగేట్లు సరేసరి... పంతంగి ఒకటి, కొర్లపహాడ్ ఒకటి. 2024 జూన్‌లో స్కూలు ఫీజులు కట్టాక మా ఆవిడ ఖర్చుల పుస్తకం నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు, పెట్టిందంతే. ఆ నెల నుంచి ప్రయాణం నెలకు ఒకసారికి తగ్గింది. అమ్మకు ఫోన్లో చెబితే ‘‘సరే నాయనా, మీకు వీలైనప్పుడే రండి’’ అంది. అమ్మ వెంటనే సరే అన్నదంటే అది సరే కాదని నాకు ముప్పయ్యేళ్ల అనుభవం.

ఆ ఏడాది దసరాకు వెళ్లినప్పుడు బాబాయితో మాట వచ్చింది. బాబాయి ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆర్టీసీ డ్రైవర్ల దగ్గర మైలేజీ గురించి మాట్లాడేముందు కాస్త ఆలోచించుకోవాలి. వాళ్లకది కబురు కాదు, కొలువు. డ్యూటీ దిగగానే ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎన్ని లీటర్ల డీజిల్ పట్టింది అని లెక్క తేలుతుంది. దాన్నే కేఎంపీఎల్ అంటారు. లీటరుకు ఐదు కిలోమీటర్ల చుట్టుపక్కల నడిచే బస్సులో అర కిలోమీటరు తగ్గినా పిలిచి మాట్లాడతారు. అలాంటి మనిషి ముందు నేను నా సిద్ధాంతం విప్పాను. వంద మీద పోతే తొందరగా చేరతాం, అందుకని తక్కువ తాగుతుంది అన్నాను.

బాబాయి తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు. ‘‘ఎవడు చెప్పాడ్రా నీకు? డెబ్భై, ఎనభై మధ్య తోలి చూడు. వంద మీద పోతే గాలే తాగేస్తది నీ పెట్రోలంతా.’’

‘‘లెక్క చూపించు బాబాయ్!’’

‘‘లెక్క నేను చూపించేదేంది? బండి నీది, బంకు ఊళ్లో ఉంది. నువ్వే చూసుకో.’’

అలా మొదలైంది. చేసేదేదో వెంటనే చేసేద్దామని ఆ ప్రయాణంలోనే పరీక్ష పెట్టేశాను. వచ్చేటప్పుడు ఎటూ 100 మీద వచ్చాను. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకునే బయల్దేరాను కాబట్టి కోదాడలో మళ్లీ నింపి చూస్తే 10.1 లీటర్లు పట్టింది. లీటరుకు 16.6 కిలోమీటర్లు. తిరిగి వెళ్లేటప్పుడు బాబాయి చెప్పినట్టే 80 దాటకుండా నడిపాను. హైదరాబాద్‌లో నింపితే 10.4 లీటర్లు. లీటరుకు 16.2 కిలోమీటర్లు! నెమ్మదిగా వస్తేనే ఎక్కువ తాగింది! తేడా చిన్నదే కావచ్చు, గెలుపు గెలుపే కదా. బంకు దగ్గర నుంచే బాబాయికి ఫోన్ కొట్టాను.

ఆయన అంతా విన్నాడు. ఒక్కటే ప్రశ్న వేశాడు.

‘‘మూసీ ఎటు పోతుందిరా?’’

ఏమిటీ సంబంధం లేని ప్రశ్న అనుకున్నాను. ‘‘కృష్ణలోకి’’ అన్నాను.

‘‘మరి నువ్వు?’’

అర్థం కావడానికి నాకు అర నిమిషం పట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా ప్రవహించి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా విజయవాడ రోడ్డు సూర్యాపేట దగ్గర్లో దాన్ని దాటుతుంది కూడా. వందలసార్లు ఆ వంతెన మీదుగా వెళ్లాను, ఒక్కసారీ ఆలోచించలేదు. నీళ్లు ఎటు పోతున్నాయో అటే పల్లం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున దక్కన్ పీఠభూమి మీద ఉంది. కోదాడ కృష్ణ దిక్కున ఎంతో కింద ఉంది. రోడ్డు చూడటానికి చదునుగానే ఉంటుంది కానీ ఊరికి వెళ్లేటప్పుడు కారు 300 మీటర్లకు పైగా దిగుతుంది, వచ్చేటప్పుడు అంత ఎత్తూ ఎక్కుతుంది. టన్ను బరువున్న బండిని అంత పైకి లేపడమంటే మాటలు కాదు, అర లీటరుకు అటూ ఇటూ దానికే పోతుంది. దిగేటప్పుడు 100 మీద పోయి, ఎక్కేటప్పుడు 80 మీద వచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చాను నేను!

అది ఒక్కటే అయితే బాగుండు. తిరుగు ప్రయాణంలో డిక్కీలో అమ్మ వేసిన బియ్యం బస్తా ఉంది. అరడజను కొబ్బరికాయలున్నాయి. మధ్యాహ్నపు ఎండకు ఏసీ గట్టిగా పెట్టాం. పండక్కి ఊళ్లకు వెళ్లినవాళ్లంతా తిరిగొస్తుంటే పెద్ద అంబర్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా పాకుతూ వచ్చాం. రెండు ఊళ్లలో రెండు బంకులు. ఇన్ని తేడాలు పెట్టుకుని వేగం సంగతి తేల్చేశానని ఫోన్ చేశాను. జర్నలిజం డిప్లొమాలో మాకు మొదటి నెలలోనే చెప్పారు, ఒక్క నోటి మాట విని వార్త రాయొద్దని. ఆ ముక్క కారుకూ వర్తిస్తుందని తట్టలేదు.

ఈసారి పద్ధతి ప్రకారం చేద్దామనుకున్నాం. ‘అనుకున్నాం’ అనడం ఎందుకంటే ఆరో తరగతి చదివే మా అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని రంగంలోకి దిగింది. స్కూల్లో సైన్స్ ప్రాజెక్టుకు పనికొస్తుందట. మేం పెట్టుకున్న షరతులు కొన్ని చెబుతాను, మీరూ చేయాలనుకుంటే ఉపయోగపడతాయి. ఎప్పుడూ ఒకే బంకు, వీలైతే అదే పంపు. నాజిల్ మొదటిసారి ‘టక్’ మని ఆగగానే ఆపేయాలి. బండిని ఊపి, మూత దాకా పోయించకూడదు. అలా చేస్తే లెక్కా చెడుతుంది, పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బాలోకి పెట్రోలు పోయి బండీ చెడుతుంది. ఒకవైపు ప్రయాణం లెక్కలోకి రాదు, వెళ్లి వస్తేనే లెక్క. ఎక్కిన ఎత్తు దిగిన దాంతో చెల్లిపోతుంది. టైర్లలో గాలి బయల్దేరే ముందు, టైర్లు వేడెక్కకముందే కొట్టించాలి. పొద్దున 5.30కి బయల్దేరాలి, ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు తిరుగుముఖం పట్టాలి. ఏసీ రెండో నంబరు మీదే ఉండాలి. అమ్మ ఇచ్చే సామాను... ఇది పెద్ద చిక్కే. చివరికి ఆ బియ్యం బస్తా బరువుకు సరిపడా నీళ్ల క్యాన్లు వెళ్లేటప్పుడు డిక్కీలో వేసుకునేవాళ్లం. చూసినవాళ్లు కోదాడలో నీళ్లకు అంత కరువా అనుకుని ఉంటారు.

ఇంకో షరతు మా అమ్మాయి పెట్టింది. 100 మీద వెళ్లే ప్రయాణాలన్నీ ముందు, 80వి తర్వాత చేయకూడదు, ఒకటి విడిచి ఒకటి చేయాలంది. క్లాసులో అలాగే చెప్పారట. అది ఎంత మంచి మాటో తర్వాత తెలిసింది. ఆ నెలల్లో బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ పాలు పెరుగుతూ వస్తోంది. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. 80వన్నీ చివర్లో చేసి ఉంటే ఆ నష్టమంతా పాపం 80 ఖాతాలో పడేది.

2024 దసరా తర్వాత మొదలైన పరీక్షలు 2025 జనవరి నెలాఖరు దాకా సాగాయి. సంక్రాంతి వారం వదిలేశాం. ఆ వారంలో విజయవాడ రోడ్డు మీద ప్రయాణమే పరీక్ష, ఇంక వేరే పరీక్షలేం పెడతాం!

మధ్యలో ఒక తప్పు చేశాను. దాచిపెట్టడం ఇష్టం లేక చెబుతున్నాను. మొదటి 100 ప్రయాణంలో 21.7 లీటర్లు పట్టింది. తర్వాత 80 మీద వెళ్లొచ్చి బంకులో నిలబడ్డాం. మీటరు 17.5 దగ్గర టక్‌మని ఆగింది. నా గుండె జారింది. నాలుగు లీటర్ల తేడా! ఆరేళ్ల సిద్ధాంతం కళ్లముందే కూలిపోతోంది. బంకు కుర్రాడితో ‘‘ఇంకొంచెం పడుతుందేమో చూడు బాబూ’’ అన్నాను. వాడు ఇంకో టక్కు కొట్టాడు, అర లీటరు పైనే పట్టింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నోట్‌బుక్ చూస్తే ఆ ప్రయాణం ఎదురుగా ‘రెండు టక్కులు, నాన్న అడిగారు’ అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. ఆ ప్రయాణం లెక్కలోంచి పోయింది. మళ్లీ చేయాల్సి వచ్చింది. మనం గెలవాలనుకున్న పరీక్షను మనమే చేసుకుంటే చెయ్యి ఎలా జారుతుందో ఆ రోజు నాకు నేనే దొరికిపోయాను.

60 మీద కూడా చూద్దామన్నది మా ఆవిడ ఆలోచన. పెట్రోలు ఆదా గురించి 1978 నుంచి ప్రచారం చేస్తున్న కేంద్ర సంస్థ పీసీఆర్‌ఏ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మంచిదని చెబుతూ వచ్చింది. టీవీలో వాళ్ల ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. సిగ్నల్ దగ్గర తండ్రి ఇంజిన్ ఆపకుండా కూర్చుంటే, పిల్లాడు పెద్దయ్యాక సైకిల్ రిపేరు షాపు పెడతానంటాడు, అప్పటికి పెట్రోలు ఉండదు కాబట్టి! సరే, మేం 60 మీద బయల్దేరాం. చౌటుప్పల్ దాటకముందే లారీలు హారన్ కొడుతూ మమ్మల్ని దాటుకుపోవడం మొదలైంది. నార్కట్‌పల్లి దగ్గర పశువుల దాణా వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి మమ్మల్ని దాటింది. అందులో వెనక కూర్చున్నాయన మావైపు జాలిగా చూశాడు. నకిరేకల్ వచ్చేసరికి మా ఆవిడ నిద్రపోయింది, నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. అంత వేగంగా పోయే రోడ్డు మీద మరీ నెమ్మదిగా పోవడమూ క్షేమం కాదనిపించింది. అది ఒక్కసారితో సరిపెట్టాం. కాబట్టి 60 అంకెను కాస్త అనుమానంగానే తీసుకోండి.

ఇక లెక్క. వెళ్లి రావడానికి బంకు దాకా కలుపుకుని 338 కిలోమీటర్లు. 100 మీద రెండు ప్రయాణాల సగటు 21.6 లీటర్లు, అంటే లీటరుకు సుమారు 15.6 కిలోమీటర్లు. 80 మీద, గీత కొట్టేసినది పోను, రెండింటి సగటు 17.7 లీటర్లు. లీటరుకు 19.1. 60 మీద ఒక్కసారే, 15.8 లీటర్లు. లీటరుకు 21.4. బాబాయి గెలిచాడు. మామూలుగా కాదు, చిత్తుచిత్తుగా గెలిచాడు.

మరి నా సిద్ధాంతంలో తప్పెక్కడ? తొందరగా చేరితే ఇంజిన్ తక్కువసేపు తిరుగుతుందన్నది నిజమే. మా బండి లాంటి చిన్న పెట్రోలు ఇంజిన్ ఊరికే నిలబడి తిరిగితే గంటకు లీటరు లోపే తాగుతుంది. 100 మీద వెళ్తే నాకు ఒకవైపు 20 నిమిషాలు, రెండువైపులా కలిపి 40 నిమిషాలు కలిసొచ్చాయి. ఆ మేరకు మిగిలింది మహా అయితే అర లీటరు. పోయిందెంత? అక్కడే గాలి వస్తుంది. హైవే మీద బండి చేసే పనిలో ఎక్కువ భాగం ఎదురుగా ఉన్న గాలిని తోసుకుంటూ పోవడమే. సైకిలు మీద ఎదురుగాలిలో తొక్కినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వేగం పెరిగినంతే గాలి అడ్డు పెరిగితే బాధ లేదు, కానీ అది వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది పావు వంతు. గాలి అడ్డు మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. 60తో పోలిస్తే 100 దగ్గర అది రెండున్నర రెట్లు దాటుతుంది. కాలంలో అర లీటరు మిగుల్చుకుంటూ గాలికి నాలుగు లీటర్ల పైన సమర్పించుకున్నాను. ‘గాలే తాగేస్తది’ అని బాబాయి అన్న మాట అక్షరాలా నిజం.

అలాగని నా సిద్ధాంతం అబద్ధమని ఒప్పుకోను. తప్పు రోడ్డు మీద చెప్పానంతే. అది ఊళ్లో పనిచేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ దాకా పాకే ట్రాఫిక్‌లో గాలి అడ్డు లెక్కలోకే రాదు. అక్కడ పెట్రోలు పోయేది నిలబడటానికీ, ఆగి మళ్లీ కదలడానికీ. ఎంత తొందరగా బయటపడితే అంత ఆదా. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర కాలం తింటుంది, 100 దగ్గర గాలి తింటుంది. రెంటి మధ్యలో ఎక్కడో బండికి సుఖమైన వేగం ఉంటుంది. టాప్ గేరులో సాఫీగా పోతున్నప్పుడు చాలా పెట్రోలు కార్లకు అది 50, 80 మధ్యే.

కంపెనీ చెప్పిన మైలేజీ మనకెందుకు రాదో కూడా ఈ లెక్కలో దొరికింది. 2024లో మనదేశంలో అమలులో ఉన్న పరీక్షలో బండిని రోడ్డు మీద నడపరు. రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, రాసిపెట్టిన పట్టీ ప్రకారం నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం 90. నేను ఆరేళ్లుగా నడుపుతున్న వేగం ఆ పరీక్షలోనే లేదు!

ఈ గొడవ మన ఇళ్లకే పరిమితం కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికా అంతటికీ ఒకే గరిష్ఠ వేగం పెట్టారు. 1974 నుంచి గంటకు 55 మైళ్లు, అంటే మన లెక్కలో 88 కిలోమీటర్లు. దూరాలు పెద్దవైన పడమటి రాష్ట్రాల జనం దాన్ని అసలు ఇష్టపడలేదు. 1995లో ఎత్తేసేదాకా తిట్టుకుంటూనే ఉన్నారు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. పెట్రోలుకు ధర ఉన్నట్టే కాలానికీ ఉంది.

ఆ సంగతి మా ఇంట్లోనూ వచ్చింది. 100 మీద కోదాడ 2 గంటల 15 నిమిషాలు. 80 మీద 2 గంటల 35 నిమిషాలు. 60 మీద 3 గంటల 10 నిమిషాలు. 100 నుంచి 80కి దిగితే రాకపోకలకు 3.9 లీటర్లు మిగిలింది. అప్పటి ధర లీటరు 107 రూపాయల 41 పైసలు, కాబట్టి సుమారు 419 రూపాయలు. అందుకు పెట్టింది 40 నిమిషాలు. 80 నుంచి 60కి దిగితే మిగిలేది 204 రూపాయలు, పెట్టాల్సింది ఇంకో 70 నిమిషాలు. ఈ రెండో బేరం మాకొద్దనుకున్నాం. మొదటిది మాత్రం మా ఆవిడ ఖర్చుల పుస్తకంలోకి ఎక్కింది. నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండుసార్లు వంద మీద వెళ్లొచ్చే పెట్రోలుతో, ఎనభై మీద పద్నాలుగుసార్లు వెళ్లి రావచ్చని లెక్క తేల్చింది. ఇంకా పది లీటర్ల పైన మిగులుతుందట.

రెండు ప్రయాణాలు. పెద్ద ఆదా అనిపించకపోవచ్చు మీకు. నాకు మాత్రం ఆ ‘సరే నాయనా’ గుర్తొచ్చింది.

నిజానికి అమ్మకు ఆ రెండింటి కంటే ఎక్కువే దక్కాయి. నెలకొకసారికి తగ్గించిన మనుషులం, పరీక్షల పుణ్యమా అని దసరా నుంచి జనవరి దాకా ఏడుసార్లు వెళ్లాం. ప్రతిసారీ దిగగానే బాబాయి వచ్చి ‘‘ఎంత వచ్చిందిరా కేఎంపీఎల్?’’ అని అడిగేవాడు. అమ్మకు ఆ మాట అర్థం కాకపోయినా పక్కన నిలబడి శ్రద్ధగా వినేది. 60 మీద వెళ్లిన రోజు మాత్రం మేం రావడం ఆలస్యమైందని నాలుగుసార్లు ఫోన్ చేసింది.

చివరి పరీక్ష జనవరి నెలాఖరు ఆదివారం ముగిసింది. మధ్యాహ్నం బయల్దేరబోతుంటే అమ్మ బియ్యం సంచీ పట్టించుకుని వచ్చింది.

‘‘మీ పరీక్షలు అయిపోయినాయా నాయనా?’’

‘‘అయిపోయాయమ్మా. ఇంటికెళ్లి పెట్రోలు కొట్టిస్తే లెక్క తేలిపోతుంది.’’

‘‘అవునా’’ అంది. కొబ్బరికాయలు ఒక్కొక్కటే డిక్కీలో సర్దింది. దొర్లకుండా మధ్యలో పాత చీర ముక్క కుక్కింది. డిక్కీ మూత వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘ఏసీ లేకుండా, అద్దాలు దించుకుని వస్తే ఎంత తాగుద్దో చూశావా?’’

చూడలేదన్నాను. వెనక సీట్లో మా అమ్మాయి నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, పైన తేదీ వేయడానికి పెన్ను మూత తీసింది.